ఆటపెట్టెకు ఏ తీగె మేలు?

ఇంటికి కావలసిన వస్తువును చూచి ఎన్నుకొనుట గృహిణి నేర్పులలో నొకటి. బియ్యమును పిడికిట బట్టి పాతవో క్రొత్తవో చెప్పగలిగిన స్త్రీలు, చీరను వ్రేళ్లతో తడవి నేత ఎట్టిదో గ్రహింపగలిగిన స్త్రీలు, ఇంటర్నెట్టు విషయము వచ్చుసరికి మాత్రము పిల్లవాని మాటనో, పొరుగింటివారి మాటనో, తీగె వేయవచ్చినవాని మాటనో నమ్మి సొమ్ము చెల్లించుచున్నారు. తీగె కంటికి కనబడును; అందులో పాఱునది కనబడదు. కనబడని సరకును కొనునప్పుడే ఎక్కువ ప్రశ్నలు వేయవలెను. సోదరీమణులారా! ఆ ప్రశ్న లేవో, వానికి ఎట్టి సమాధానము వచ్చిన తృప్తి పడవలెనో మీకు తెలుపుటయే మా ఉద్దేశము.

కామారెడ్డి జిల్లాలోని బాన్సువాడను ఉదాహరణముగా తీసికొందము. 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన క్రొత్త జిల్లాలు ఏర్పడువఱకు ఈ పట్టణము నిజామాబాదు జిల్లాలో నుండెడిది. ఈ ప్రాంతమునుండి గల్ఫు దేశములకు జీవనార్థమై పోయినవారు అనేకులు. వారు సెలవుపై ఇంటికి వచ్చునపుడు పిల్లలు ముచ్చటపడి కోరిన ప్లేస్టేషను, ఎక్సుబాక్సు వంటి ఆటపెట్టెలను తెచ్చుటయు కలదు. అచటి విద్యుత్తు బలమును ఇచటి బలమును ఇంచుమించు ఒకటియే. ముక్కుల ఆకారము మాత్రమే వేఱు. కనుక పెట్టె వెంటనే పనిచేయును. కాని దూరమున నున్న స్నేహితులతో కలసి ఆడవలెనన్న ఇంటికి ఇంటర్నెట్టు తీగె కావలెను. అప్పుడు పుట్టును ప్రశ్న: టెలిఫోను తీగెపై వచ్చు డీఎస్ఎల్ తీసికొనవలెనా, కేబులువారి తీగె తీసికొనవలెనా?

తీగె వచ్చిన వారము దినములలోనే “అమ్మా, నెట్టు ల్యాగైతున్నది, ఓడిపోయిన” అని కుమారుడు కేక వేయును. తల్లి కేబులువానికి ఫోను చేయును. వాడు వచ్చి చూచి “అక్కా, స్పీడు మంచిగనే ఉన్నది” అని చెప్పి పోవును. ఇరువురిలో ఎవరు అబద్ధమాడుచున్నారని తల్లి కలతపడును. నిజమునకు ఇరువురును సత్యమే చెప్పుచుండవచ్చును. ఎట్లన, వేగము వేఱు, జాప్యము వేఱు.

వేగము, జాప్యము

బాన్సువాడ ప్రాంతమువారికి నిజాంసాగరు కాలువలు తెలియనివి కావు. మంజీరానదిపై 1923లో ఆరంభమై 1931లో ముగిసిన ఆ నిర్మాణముననే ఈ నేలలో వరి పండుచున్నది. కాలువ ఎంత వెడల్పైన అంత ఎక్కువ నీరు ఒక్కమాఱు పాఱును. ఇంటర్నెట్టులో దీనినే వేగ మందురు; సెకనుకు ఇన్ని మెగాబిట్లని లెక్క చెప్పుదురు. తూము ఎత్తిన పిదప నీరు మన పొలము చేరుటకు పట్టు కాలము వేఱొకటి. అదియే జాప్యము. ఆటలాడువారు దీనిని పింగు అందురు, మిల్లీసెకన్లలో కొలుతురు. సెకనును వేయి భాగములు చేసిన ఒక భాగము మిల్లీసెకను.

ఆటయందు మన పిల్లవాడు మీట నొక్కగానే ఆ వార్త దూరముననున్న సర్వరను యంత్రమునకు పోయి, అచటినుండి ఫలితము తిరిగి రావలెను. ఆ రాకపోకలకు 50 మిల్లీసెకన్ల లోపు పట్టినచో ఆట సుఖముగా సాగును. నూఱు వఱకు సహింపవచ్చును. నూటయేబది దాటిన, పరుగుపందెము వంటి ఆటలును, గుఱిచూచి కొట్టు ఆటలును ఆడుట కష్టము. మన వాడు చూచునది అప్పటికే గడచిపోయిన క్షణము. అంతకంటె చేటైనది నిలుకడ లేమి. ఒక క్షణమున 40, మఱుక్షణమున 200గా జాప్యము మాఱుచున్నచో చేతికి అలవాటు కుదురదు. మధ్యలో కొన్ని వార్తలు దారితప్పి అసలే చేరకపోవుటయు కలదు. పిల్లలు ల్యాగని యేడ్చునది ఈ మూటిలో నేదో యొకటి.

విచిత్రమేమన, ఆడునప్పుడు ఆట వాడు సమాచారము మిక్కిలి స్వల్పము. చాల ఆటలకు గంటకు నూటయేబది మెగాబైట్లు కూడ పట్టదు. అదే గంటసేపు స్పష్టమైన బొమ్మతో సినిమా చూచినచో మూడు గిగాబైట్ల వఱకు కర్చగును. కాబట్టి “నూఱు మెగాబిట్ల ప్లాను తీసికొనిన ల్యాగు పోవును” అను మాట అన్నివేళల నిజము కాదు. వెడల్పు కాలువ యైనను నీరు ఆలస్యముగా రావచ్చును.

వేగము పనికివచ్చు సందర్భ మొకటి కలదు. నేటి పెద్ద ఆటలు నూఱు గిగాబైట్ల వఱకు నుండును. వానిని ముందుగా దింపుకొనవలెను. గిగాబైటులో నుండు బైటునకు ఎనిమిది బిట్లు. ఈ లెక్కన నూఱు గిగాబైట్ల ఆట దిగుటకు 8 మెగాబిట్ల తీగెపై సుమారు 28 గంటలు, 24 మెగాబిట్ల తీగెపై సుమారు తొమ్మిది గంటలు, నూఱు మెగాబిట్ల తీగెపై రెండు గంటల పైచిలుకు పట్టును. దీనికి ఓపిక పట్టవచ్చును; రాత్రి పెట్టి పడుకొనవచ్చును. ఆట నడుమ వచ్చు జాప్యమునకు ఓపిక పనికిరాదు.

టెలిఫోను తీగె

డీఎస్ఎల్ అనునది ఇంటింటికి వచ్చు పాత టెలిఫోను రాగితీగె జంటనే ఉపయోగించును. మన మాటలు ఆ తీగెపై క్రింది పౌనఃపున్యములలో పోవును; ఇంటర్నెట్టు వానిపై నున్న పౌనఃపున్యములలో పోవును. రెండును కలియకుండ చిన్న డబ్బీ యొకటి గోడవద్ద అమర్తురు. అందుచే ఫోను మాటలాడుచునే ఇంటర్నెట్టు వాడుకొనవచ్చును. మనదేశమున భారత సంచార నిగమమువారు 2005 జనవరిలో ఈ పద్ధతిని డేటావన్ అను పేర ఇంటింటికి అందించిరి. ఆ దినములలో సెకనుకు 256 కిలోబిట్లున్న చాలును, దానిని బ్రాడ్‌బ్యాండందురని 2004 నాటి ప్రభుత్వ విధానము. 2013లో ఆ కనీసమును 512 కిలోబిట్లకును, 2023 జనవరిలో 2 మెగాబిట్లకును పెంచిరి.

ఈ పద్ధతిలోని గుణమేమన, ఎక్స్చేంజి మొదలు మన గుమ్మమువఱకు ఆ తీగె మనదే. పొరుగువారు సినిమా చూచినను, ఆటలాడినను ఆ భాగమున మనకు అడ్డు లేదు. చెఱువునుండి మన పొలమునకే త్రవ్విన పిల్లకాలువ వంటిది. ఎక్స్చేంజి దాటిన పిదప దారి అందఱిదియే యని మఱువరాదు. అయినను వీధిలోని పోటీ తప్పును. కనుక వేగము తక్కువైనను జాప్యము నిలుకడగా నుండును.

దోషములు మూడు. మొదటిది దూరము. రాగితీగెలో సంకేతము పోనుపోను క్షీణించును. ఏడీఎస్ఎల్2ప్లస్ అను రకము 24 మెగాబిట్ల వఱకు ఇయ్యగలదు గాని, ఆ ఫలము ఎక్స్చేంజికి ఒకటి ఒకటిన్నర కిలోమీటర్ల లోపున నున్న ఇండ్లకే. మూడు కిలోమీటర్లకు అది మూడవవంతునకు దిగజాఱును. అయిదు దాటిన ఇంచుమించు లేనట్లే. ఈ దూరము తీగె పోయిన దారిని కొలువవలెను గాని ఆకాశమార్గమున గాదు. రెండవది పైకి పంపు వేగము. అది ఒక మెగాబిటునకు అటునిటుగా నుండును. మూడవది అతుకులు. వానాకాలమున అతుకులలో నీరు చేరిన, ఫోనులో గరగర ధ్వని వినబడును. ఆ గరగరయే ఇంటర్నెట్టును చెఱచును. పొరపాట్లు సవరించుటకై యంత్రము సమాచారమును కలగలిపి పంపును. దానిచే జాప్యమునకు మఱికొన్ని మిల్లీసెకన్లు కలియును.

కేబులు తీగె

కేబులు కథ టెలివిజనుతో ప్రారంభమైనది. నడుమ రాగి యూచ, దానిచుట్టు తెల్లని పొర, దానిపై అల్లిన లోహపు వల, అన్నింటికిపైన నల్లని తొడుగు గల గుండ్రని తీగె మనమందఱ మెఱిగినదే. ఆ తీగెపైననే ఇంటర్నెట్టు పంపు పద్ధతికి 1997లో అమెరికాలో ఒక ప్రమాణ మేర్పడినది. డాక్సిస్ అని దానికి పేరు. దీని బలము వెడల్పు. టెలిఫోను తీగెకంటె అనేక రెట్లు సమాచారము నది మోయగలదు. దూరమువలని క్షీణతను దారిలో నమర్చిన యంత్రములు సరిచేయును. పెద్ద ఆటలు త్వరగా దిగును.

కాని ఇది అందఱి కాలువ. వీధిలోని ఇండ్లన్నియు ఒకే తీగెను పంచుకొనును. మధ్యాహ్నము పాఱుచున్నట్లు రాత్రి తొమ్మిదింటికి పాఱదు. ఆ వేళ అందఱును తూములెత్తుదురు. కాలువ చివరి పొలమువారికి ఏమి దక్కునో మన రైతు స్త్రీలకు చెప్పనక్కఱలేదు. అంతేకాక, ఇంటినుండి పైకి వార్త పంపుటకు మోడెము ముందు వంతు అడిగి, వంతు వచ్చిన పిదప పంపవలెను. వీధిలో రద్దీ పెరిగిన ఆ వంతులు ఆలస్యమగును. అందుచే కేబులుపై సగటు జాప్యము మంచిదిగా కనబడినను, పిల్లలు ఆడు వేళకే అది ఎగిరిపడుచుండును. మఱియు వీధిలోని యంత్రములకు విద్యుత్తు కావలెను. మన ఇంట ఇన్వర్టరున్నను వీధిలో కరెంటు పోయిన తీగె మూగవోవును. టెలిఫోను ఎక్స్చేంజిలో బ్యాటరీలును జనరేటరును ఉండును గనుక డీఎస్ఎలునకు ఈ బాధ కొంత తక్కువ.

పేరును జూచి మోసపోరాదు

ఇచట ఒక ముఖ్యాంశము చెప్పవలెను. అమెరికాలో నున్న బంధువులు ఫోనులో “కేబులే తీసుకో” అని సలహా ఇత్తురు. ఆటపెట్టెలకు బ్రాడ్‌బ్యాండు తప్పనిసరి యగుట అచట 2002 నవంబరులో ఎక్సుబాక్సు లైవుతో స్థిరపడినది; అప్పటినుండి డీఎస్ఎలా, కేబులా యను చర్చ ఆ దేశపు ఇండ్లలో సాగినది. వారి అనుభవము వారికి నిజమే. కాని అచట కేబులన్నచో డాక్సిస్ పద్ధతి. మన పట్టణములలో “కేబులు నెట్టు” అన్నమాటకు మూడు అర్థములు గలవు. ఒకటి పైన చెప్పిన గుండ్రని టెలివిజను తీగె. రెండవది ఇంటి కప్పులమీదుగా లాగిన సన్నని లాను తీగె. ఇది నూఱు మీటర్లకొక పెట్టెను దాటుకొనుచు వచ్చును, ఆ పెట్టెలలో నేది ఆగిపోయినను దాని వెనుకనున్న ఇండ్లన్నిటికి నెట్టు నిలిచిపోవును. మూడవది గాజుతీగె, అనగా ఫైబరు. నేడు కేబులువారే చాలచోట్ల ఫైబరు వేయుచున్నారు. భారత సంచార నిగమమువారును రాగి స్థానమున ఫైబరు నిచ్చుచున్నారు.

గాజుతీగెలో సమాచారము వెలుగుగా పోవును. దూరమున క్షీణత స్వల్పము, తడిసినను చెడదు, ఎక్కిదిగు జాప్యము తక్కువ. ఇదియు పంచుకొన్నదే: ఒక తీగెను 32 లేక 64 ఇండ్లకు చీల్తురు. కాని ఆ తీగె వెడల్పు క్రిందికి రెండున్నర వేల మెగాబిట్లు, పైకి పండ్రెండు వందల యేబది మెగాబిట్లు గనుక పంచుకొన్నను కఱవు రాదు. చీల్చుచోట విద్యుత్తు అక్కఱలేదు. కావున మా అభిప్రాయము స్పష్టము: మీ వీధికి మంచి ఫైబరు వచ్చియున్నచో డీఎస్ఎలా, కేబులా యను తగవే లేదు, ఫైబరునే తీసికొనుడు. వచ్చినవానిని “ఇంట్లోకి వచ్చే తీగె ఏది?” అని అడిగి, ఆ తీగెను కంటితో చూడుడు. గాలిలో వచ్చు నెట్టునకు “ఎయిర్ ఫైబరు” అని పేరు పెట్టి 2023 నుండి అమ్ముచున్నారు. దానిలో ఇంటికి తీగె రాదు, స్తంభమునుండి సంకేతము వచ్చును. చదువులకు, సినిమాలకు అది చాలును గాని, వానలో, రద్దీలో దాని జాప్యము నిలుకడగా నుండునని నమ్మరాదు.

తీగె తీర్చలేనివి

ఏ తీగెయైనను దూరమును జయింపలేదు. గాజులో వెలుగు సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోవును. అనగా మిల్లీసెకనుకు రెండు వందల కిలోమీటర్లు. బాన్సువాడనుండి ముంబయి తిన్నగా సుమారు 530 కిలోమీటర్లు; పోయివచ్చుటకు అయిదు మిల్లీసెకన్లకు పైగా పట్టును. సింగపూరు తిన్నగా సుమారు 3,400 కిలోమీటర్లు. పోయివచ్చుటకు కనీసము 34 మిల్లీసెకన్లు. తీగెలు తిన్నగా పోవు గనుక లేవు, నిజమైన సంఖ్య దీనికి ఎంతయో ఎక్కువగును. కావున ఆటలో సర్వరు ఎన్నుకొను వీలున్నచో దగ్గఱ దానినే ఎన్నుకొమ్మని పిల్లలకు చెప్పుడు. ఐరోపా సర్వరుపై ఆడుచు ఇంటి తీగెను నిందించుట న్యాయము కాదు.

ఇంటిలోపలి దోషము లింకొన్ని. తీగె ఒక గదిలో, ఆటపెట్టె ఇంకొక గదిలో నుండి నడుమ రెండు గోడలుండిన, వైఫై బలము తగ్గును. పొరుగిండ్ల వైఫైలును అడ్డుపడును. ఆటపెట్టెకు వెనుకవైపున తీగె పెట్టు రంధ్ర మున్నచో, రూటరునుండి అచటికి ఒక లాను తీగె లాగించుడు. ఇంతకంటె తక్కువ కర్చుతో ఇంత మేలు చేయు పని వేఱొకటి లేదు. చాల ఇండ్లలో ల్యాగునకు కారణము బయటి తీగె కాదు, ఇంటి గోడయే.

మఱియొక కారణము పైకి పంపు దారి ఇఱుకగుట. ఈ ప్రాంతపు ఇండ్లలో రాత్రి తొమ్మిది గంటల వేళ ముఖ్యమైనది. దుబాయిలో అప్పుడు ఏడున్నర. పనినుండి వచ్చిన తండ్రి ఇంటికి వీడియో కాలు చేయు సమయము. ఆ దేశమున వాట్సాపు కాలులకు అనుమతి లేదు గనుక బోటిం వంటి వానిపై పిలుతురు. అదే వేళ కుమార్తె పాఠశాల పనిని వీడియోగా పంపుచుండును. కుమారుడు ఆట మొదలుపెట్టును. ఒక మెగాబిటు వెడల్పుగల సందులో మూడు బండ్లు ఒక్కసారి దూరిన ఏమగునో ఊహింపుడు. తండ్రి ముఖము తెరపై గడ్డకట్టును, కుమారుడు అరచును, కుమార్తె పని ఆగిపోవును. తప్పు ఎవరిదియు కాదు, సందు ఇఱుకు. అందుచే ప్లాను అడుగునపుడు “పైకి పంపు వేగము ఎంత?” అని తప్పక అడుగవలెను. కొన్ని రూటర్లలో ఏ పరికరమునకు ముందు దారి ఇయ్యవలెనో నిర్ణయించు ఏర్పాటున్నది, దానిని పెట్టించుకొనవచ్చును. ఏర్పాటు లేనిచో కుటుంబమే ఒక నియమము చేసికొనవలెను: నాన్న కాలు వచ్చినపుడు ఆట ఆగవలెను. మాసములకొలది ఎడబాటునుండు తండ్రి అరగంట మాటకంటె ఏ ఆటయు గొప్పది కాదు.

పిడుగు విషయమున జాగ్రత్త అవసరము. రాగితీగె విద్యుత్తును మోయును. పిడుగు పడినపుడు టెలిఫోను తీగె, లాను తీగె, టెలివిజను తీగె ద్వారమున మోడెమునకు, ఆటపెట్టెకు హాని కలుగవచ్చును. ఉఱుములు విన్నంతనే విద్యుత్తు ముక్కునేగాక ఈ తీగెలను గూడ ఊడదీయవలెను. స్తంభములపై వ్రేలాడు తీగెలను మనము, మన పిల్లలు ఎన్నడును తాకరాదు. 2025 ఆగస్టులో హైదరాబాదులోని రామంతాపూరున కృష్ణాష్టమి ఊరేగింపు రథమునకు విద్యుత్తు సోకి అయిదుగురు మరణించిరి. ఆ పిదప నగరమున విద్యుత్ స్తంభములపైనున్న కేబుళ్లను కత్తిరింపగా అనేక గృహములకు నెట్టు ఆగిపోయినది. తీగె ఏ దారిన వచ్చుచున్నదో చూచుకొనుట ఆటకొఱకే కాదు, ప్రాణరక్షణకును అవసరమే.

కొనుటకు ముందు చేయవలసిన పరీక్ష

సంవత్సరమునకు ఒక్కసారి కట్టిన తగ్గింపు ఇత్తుమని అమ్మువారు ఆశ పెట్టుదురు. మొదట ఒక్క మాసమునకే కట్టుడు. చెప్పిన ధరపై నూటికి 18 వంతున పన్ను కలియునా, కలిసియే యున్నదా యని అడుగుడు. ఇన్ని గిగాబైట్లు దాటిన వేగము తగ్గును అను నిబంధన యున్నదా చూడుడు. నూఱు గిగాబైట్ల ఆట నొకటి దింపిన చిన్న ప్లానులు ఒక్క దినములోనే కరగిపోవును.

అంతకు ముందే, అదే వీధిలో అదే తీగెయున్న యింటికి పోయి రాత్రి తొమ్మిదింటికి పరీక్షించుట ఉత్తమము. పగటి పరీక్ష నమ్మదగినది కాదు. ఆటపెట్టెలలోనే నెట్వర్కు పరీక్ష యను ఏర్పాటు గలదు. క్రిందికి, పైకి పోవు వేగములను, నాట్ అనబడు రకమును అది చూపును. ప్లేస్టేషనులో నాట్ 3 అని, ఎక్సుబాక్సులో స్ట్రిక్టని వచ్చిన, మన పిల్లవాడు స్నేహితులతో కలియుటకును, మాటలాడుటకును ఆటంకములు కలుగును. చిన్న కేబులువారు అనేక ఇండ్లను ఒకే చిరునామా వెనుక నుంచుటచే ఇట్లగుచుండును. వారిని ప్రత్యేక చిరునామా ఇయ్యగలరా యని అడుగవచ్చును. కొందఱు కొంత రుసుముపై ఇత్తురు.

డీఎస్ఎల్ తీసికొనువారు ముందుగా ఫోను ఎత్తి వినవలెను. ధ్వని నిర్మలముగా నుండిన తీగె మంచిది; గరగరలాడిన అతుకులు సరిచేయించక కట్టరాదు. ఎక్స్చేంజినుండి తీగె దారి ఎంత పొడవో, రాగిపై క్రొత్త కనెక్షను ఇంకను ఇచ్చుచున్నారో లేదో ఎక్స్చేంజిలోనే విచారింపవలెను.

చెడిపోయినపుడు ఫోనులో మొఱపెట్టి ఊరకుండక, ఫిర్యాదు సంఖ్యను అడిగి వ్రాసికొనుడు. టెలికాం నియంత్రణ సంస్థ 2012లో చేసిన నియమముల ప్రకారము సేవ నిచ్చు ప్రతి సంస్థయు ఫిర్యాదు కేంద్రమును, దానిపై అప్పీలు వినువారిని ఉంచవలెను. సంఖ్య చేతనున్న గృహిణి మాటకు విలువ వేఱు.

ఇక నిర్ణయము. ఫైబరున్నచో ఫైబరు. లేనిచో, ఇల్లు ఎక్స్చేంజికి ఒకటి రెండు కిలోమీటర్లలో నుండి, తీగె నిర్మలముగా నుండి, ఇంట వాడువారు ఒకరిద్దఱే యైన, ఆటకు డీఎస్ఎలే నిలుకడైనది. దింపుకొనుటకు మాత్రము ఓపిక కావలెను. ఇల్లు దూరమైనను, నలుగురు వాడువారున్నను కేబులే మేలు. కాని రాత్రి తొమ్మిది గంటల పరీక్షలో నెగ్గిన కేబులు కావలెను. రెండును పరీక్షలో తప్పినచో తొందరపడి కొనక, ఫైబరు వచ్చువఱకు ఇంటిలోనే ఇద్దఱు కూర్చుండి ఆడు ఆటలతో కాలము గడుపుట లాభము. అన్నాచెల్లెండ్రు ఒకే తెరముందు ఆడుకొనుటకు ఏ తీగెయు అక్కఱలేదు.

ఆటకు హద్దు

తీగె మంచిదైనకొలది ఆట తియ్యనగును. తియ్యనైనకొలది వదలుట కష్టమగును. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019లో ఆమోదించి 2022 జనవరినుండి అమలుజరిపిన రోగముల పట్టికలో ఆటలపై అదుపు తప్పుటను ఒక రుగ్మతగా చేర్చినది. ఆటలాడు ప్రతి బిడ్డయు రోగి యని దీని యర్థము కాదు. నిద్ర, చదువు, భోజనము, స్నేహము వీనినన్నిటిని త్రోసి ఆట ఒక్కటే మిగిలి, అది చిరకాలము సాగినపుడే ఆ పేరు. ఆటపెట్టెలలో తలిదండ్రులు ఆటవేళను నిర్ణయించు ఏర్పాటు గలదు. దానిని తల్లియే నేర్చుకొని, రహస్యాక్షరములను తనవద్దనే ఉంచుకొనవలెను. అపరిచితులు ఆటలో మాటలాడింతురు గనుక చిన్నపిల్లలకు ఆ మాటల ద్వారమును మూసియుంచుట మంచిది. కుమార్తెకు ఆటయం దాసక్తి యున్నచో ఆమెకును వంతు ఇయ్యవలెను. పెట్టె కుమారుని సొత్తు కాదు.

పందెపు ఆటలను వేఱుగా చూడవలెను. సొమ్ము ఒడ్డి ఆన్‌లైనులో ఆడు జూదమును తెలంగాణ 2017లోనే చట్టమున నిషేధించినది. 2025 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వమును సొమ్ముతో ఆడు ఆన్‌లైను ఆటలను నిషేధించి, క్రీడలవలె నేర్పుతో ఆడు పోటీలకు గుర్తింపు నిచ్చు చట్టము చేసినది. పిల్లవాడు ఆడునది ఏ తెగలో చేరునో తల్లి తెలిసికొనియుండవలెను. బ్యాంకు కార్డు సంఖ్యను ఆటపెట్టెలో వ్రాసి విడిచిపెట్టుటయు తగదు.

సోదరీమణులారా! “నెట్టు సంగతి నాకు తెలియదు” అను మాటను మనము విడువవలెను. కాలువకు వంతు ఎప్పుడు వచ్చునో, చివరి పొలమునకు నీరెట్లు చేర్చవలెనో ఎఱిగిన స్త్రీకి ఈ తీగె విద్య కష్టము కాదు. ఏ తీగె, ఎంతదూరము, ఎందఱితో పంపకము, పైకి ఎంత, రాత్రి తొమ్మిదింటికి ఎట్లు? ఈ అయిదు ప్రశ్నలను కాగితముపై వ్రాసి గోడకు అంటించుకొనుడు. తీగె చుట్ట భుజమున వేసికొని వచ్చినవాడు మెట్లెక్కకమునుపే వానిని చదివి వినిపింపుడు. సమాధానము తెలిసిన తరువాతనే గోడకు రంధ్రము వేయనిండు.